మోడును నరికే ముందు ఒక్క ఫొటో తీయండి

చెట్టు ఎండిందంటే మన చూపు ముందుగా గొడ్డలి మీదికి పోతుంది. గట్టు మీది తాడి పిడుగు పడి తల రాలిపోయినా, బావి దగ్గర తుమ్మ నిలువునా ఎండినా, "ఇంకేముంది, చచ్చిందిగా" అని బేరం పెట్టేస్తాం. అది ఇటుక బట్టీకో, పొయ్యిలోకో పోతుంది. ఆ వచ్చే నాలుగు డబ్బులు వద్దనుకోమని నేను చెప్పను. ఎకరం, రెండెకరాల రైతుకు అవీ డబ్బులే. కాకపోతే బేరం ఆడే ముందు ఒక పని చేయండి. ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో కెమెరా ఉన్న ఫోను ఉంది. పొద్దున్నే ఏడు, ఎనిమిది మధ్య మోడు దగ్గరకు పోయి ఓ అరగంట నిలబడండి. తొర్రలు, పగుళ్లు, ఊడిన బెరడు అడుగు, మొదలు చుట్టూ నేల, అన్నీ ఫొటోలు తీయండి. ఇంటికొచ్చి నీడన కూర్చుని ఒక్కో బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూడండి. బేరం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

అసలు ఆ చెట్టు నిజంగా చచ్చిందా అన్నది మొదటి ప్రశ్న. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి ఎండుతూ వచ్చి మాడిపోయినట్టు కనబడ్డాయి. ఫోమోప్సిస్ అనే శిలీంద్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు అదని, దానికి టీ దోమ కూడా తోడైందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తొందరలో నరికించుకున్న వాళ్లు నరికించుకున్నారు. ఆగిన వాళ్ల వేపలు చాలావరకు మళ్లీ చిగురించాయి. కొమ్మ మీద గోటితో గీకితే లోపల పచ్చగా ఉందంటే ప్రాణం ఉన్నట్టే. నెలకొకసారి ఒకే చోట నిలబడి ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, చెట్టు దిగజారుతోందో తేరుకుంటోందో మన జ్ఞాపకం కంటే ఆ బొమ్మలే సరిగ్గా చెబుతాయి.

సరే, నిజంగానే చచ్చింది అనుకుందాం. తాడినే తీసుకోండి, నల్లగొండ, సూర్యాపేట వైపు మనకు ఎక్కువ కనబడేది అదే. తాటి మాను బయట ఇనుములా గట్టి. వాసాలకు, దూలాలకు వాడేది ఆ పైభాగమే. లోపలిది మెత్తటి పీచు. తల పోయాక వాన నీళ్లు పైనుంచి దిగి ఆ పీచు కుళ్లి రాలిపోతుంది. కొన్నేళ్లకు మిగిలేది నిలువుగా నిలబడిన పెద్ద గొట్టం. గోడ మందం, లోపల బోలు, ఎండకు వేడెక్కదు, వానకు తడవదు, పిల్లి ఎక్కలేదు. పిట్టకు ఇంతకంటే ఏం కావాలి?

ఈ ఇంటికి తలుపులు పెట్టేది వడ్రంగి పిట్ట. వీపు బంగారు రంగులో, తల మీద ఎర్ర కుచ్చుతో టకటకా కొడుతూ కనబడుతుందే, అదే. ఏటా తన గూడు తనే తొలుచుకుంటుంది, పిల్లలు ఎగిరిపోయాక చాలాసార్లు వదిలేస్తుంది. ఆ వదిలేసిన తొర్ర కోసం పోటీ మొదలవుతుంది. చిలుక వస్తుంది, గోరింక వస్తుంది, పైడికంటి గూబ వస్తుంది, పాలపిట్ట వస్తుంది. వీటిలో గోరింకకు, గూబకు, పాలపిట్టకు కర్ర తొలిచే ముక్కు లేదు. ఎవరో తొలిచింది దొరకాలి, లేదా కర్ర దానంతటదే కుళ్లి బోలు పడాలి. ఎండిన మునగ కొమ్మకు అచ్చం దిర్సెన గింజంత గుండ్రటి రంధ్రం కాదు, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద రంధ్రం కనబడితే అది కంసాలి పిట్ట పని. ఎండాకాలం మధ్యాహ్నం టుక్ టుక్ అని సుత్తి కొట్టినట్టు అరిచేది అదే. కొమ్మ అడుగు వైపున తొలుస్తుంది, వాన లోపలికి రాకుండా. ఇంత తెలివి దానికి ఎవరు నేర్పారో గాని, ఆ రంధ్రం అంచును ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే బాడిసెతో చెక్కినట్టు ఉంటుంది.

ఇంకో విషయం. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది. రెండు రాష్ట్రాల పక్షులూ తొర్రలోనే గుడ్లు పెడతాయి. దసరా నాడు పాలపిట్ట కనబడితే శుభమని ఊరవతలకు పోయి మెడలు ఎత్తి చూస్తాం. కొన్నిచోట్ల పంజరంలో పెట్టి డబ్బులకు చూపించే వాళ్లూ ఉన్నారు, అది 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మరి దసరాకు దండం పెట్టిన పిట్ట ఇంటిని వేసవిలో బట్టీకి అమ్మడం ఏమిటో ఆలోచించండి.

వేసవి అనే మాట ఎందుకన్నానంటే, అసలు కీడు అక్కడే ఉంది. చేలు ఖాళీగా ఉండేది, లారీ పొలంలోకి దిగేది, కర్ర వ్యాపారి ఊళ్లు తిరిగేది వేసవిలోనే. ఈ పిట్టలు పిల్లల్ని పెంచేదీ అప్పుడే. చిలుకలు సంక్రాంతి దాటాక మొదలుపెడతాయి, పాలపిట్టలు ఎండలు ముదిరే వేళకు గుడ్ల మీద ఉంటాయి. తాడి కూలిందంటే తొర్రలో ఉన్న ఈకలు రాని పిల్లలు కూలినట్టే. నరికే వాళ్లలో చాలామందికి లోపల ఏముందో తెలియదు. అందుకే ముందు ఫొటో తీయమంటున్నాను.

ఇదంతా పిట్టల మీద జాలితో చెబుతున్నానని అనుకోవద్దు. మన లెక్క కూడా చూద్దాం. వ్యవసాయ శాఖ వాళ్లు పత్తిలో, శనగలో, కందిలో ఎకరానికి పది ఇరవై పక్షి స్థావరాలు పెట్టమని ఏళ్ల తరబడి చెబుతున్నారు. పంగల కర్రలు పాతితే వాటి మీద పిట్టలు వాలి పచ్చపురుగును, లద్దె పురుగును ఏరుకు తింటాయని. మంచి సలహానే, కాదనను. కానీ పిట్టకు వాలడానికి కర్ర పెట్టి, కాపురానికి ఉన్న మోడును నరికేస్తే అది ఎక్కడి నుంచి రావాలి? పసుల పోలిగాడు కొమ్మ మీద గూడు కట్టుకుంటాడు, పర్వాలేదు. గోరింక, పాలపిట్ట, పైడికంటి అలా కట్టుకోలేవు. మిడతలు, కీచురాళ్లు, పెంకు పురుగులు, లద్దె పురుగులు, వీటి తిండంతా అదే. నేను చూసిన శిక్షణ తరగతుల్లో పంగల కర్రల గురించి చెప్పారు గాని, గట్టు మీది మోడును ఉంచమని ఒక్కరూ చెప్పగా వినలేదు. ఇది వాళ్ల పాఠంలో చేర్చాల్సిన మాట.

ఇక ఎలుక. వరి పొట్ట దశలో ఎలుక కొట్టిన మడి చూసిన వాడికి దాని బాధ వేరే చెప్పక్కర్లేదు. తెల్లటి గుండె ఆకారపు మొహంతో ఉండే గుడ్లగూబను మనవాళ్లు చావు పిట్ట అంటారు, ఇంటి మీద అరిస్తే కీడంటారు. దాని తిండి దాదాపుగా ఎలుకలే. నమ్మకం లేదా? అది ఉండే మోడు మొదట్లో నేల మీద బొటనవేలంత నల్లటి ఉండలు పడి ఉంటాయి. అది రెట్ట కాదు. ఎలుకను మింగి, అరగని బొచ్చును, ఎముకల్ని ఉండగా చేసి కక్కేస్తుంది. ఆ ఉండను కర్రతో తీసి నీళ్లలో నానబెట్టి, పుల్లతో విడదీసి, తెల్ల కాగితం మీద పరచండి. చిన్న చిన్న పుర్రెలు, పసుపు పళ్ల దవడలు బయటపడతాయి. పుర్రెలు లెక్కపెడితే ఆ ఉండలో ఎన్ని ఎలుకలో తెలిసిపోతుంది. ఫొటో తీసి ఊళ్లో చూపించండి. చావు పిట్ట చావు ఎవరికి తెస్తుందో వాళ్లే చూస్తారు. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవొద్దు. ఇంకొకటి, ఎలుక మందు తిన్న ఎలుకను గూబ తింటే దానికీ విషమే. ఆ గట్టున మందు వాడాల్సి వస్తే చచ్చిన ఎలుకల్ని ఏరి పూడ్చేయండి.

తుమ్మెద మాట చెప్పకుండా ఉండలేను. నల్లగా, బొద్దుగా, గుయ్యిమని చెవి పక్కనుంచి పోయే పెద్ద తుమ్మెద ఎండు కర్రలో, వెదురులో వేలు దూరేంత గుండ్రటి రంధ్రం చేసుకుంటుంది. లోపల సొరంగం ఒక వరుస గదులు. ఒక్కో గదిలో పుప్పొడి, మకరందం కలిపి ముద్ద చేసి పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, రంపపు పొట్టుతో అడ్డుగోడ కట్టి, తర్వాతి గదికి పోతుంది. ఎండి పడిపోయిన కొమ్మను నిలువునా చీలిస్తే, అప్పటికే ఖాళీ అయిన గూడైతే, ఈ గదులన్నీ రైలు పెట్టెల్లా కనబడతాయి. ఫొటో తీయాల్సిన బొమ్మ అది. ఈ తుమ్మెద కంది పూత మీద, చిక్కుడు మీద, జనుము మీద, వంగ మీద తిరుగుతుంది. వంగ పువ్వులో పుప్పొడి సంచికి కొసన చిన్న రంధ్రమే ఉంటుంది. పువ్వును పట్టుకుని గట్టిగా రొద చేస్తూ వణికిస్తేనే పుప్పొడి ఉప్పు డబ్బాలోంచి రాలినట్టు రాలుతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు, తుమ్మెదకు వచ్చు. వంగ వేసే రైతుకు గట్టు మీద ఎండు మొద్దు ఉంటే మంచిదంటే ఇందుకే. కుట్టని తేనెటీగలు, పుట్ట తేనెటీగలు కూడా తొర్రల్లో పెడతాయి.

బెరడు అడుగున ఉండేది మరో లోకం. ఎండిన మాను మీద ఊడి వేలాడుతున్న బెరడును కాస్త ఎత్తి చూడండి. చెక్క మీద ముగ్గు వేసినట్టు గీతలుంటాయి. గీత ఒక కొసన దారమంత సన్నగా మొదలై, పోను పోను వెడల్పవుతుంది. గుడ్డు లోంచి వచ్చిన పురుగు తింటూ, పెరుగుతూ పోయిన దారి అది. వెడల్పు కొసన రంధ్రం ఉంటే అక్కడినుంచి రెక్కలొచ్చి ఎగిరిపోయిందన్నమాట. ఒక పురుగు జీవితం అంతా జానెడు చెక్క మీద రాసి ఉంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకున్న ఆకుపచ్చ బంగారు పురుగు గుర్తుందా? దాని చుట్టాల్లో చాలా జాతులు ఎండుతున్న కర్రలో, చచ్చిన కర్రలో పెరిగేవే. వాన పడిన నాలుగు రోజులకు వస్తే మొద్దు మీద చిన్న చిన్న తెల్ల విసనకర్రలు పుట్టుకొస్తాయి. ఫోను వాటి కింద నేలకు ఆనించి పైకి చూసేటట్టు పెట్టి తీయండి, విసనకర్ర మడతలు ఒక్కొక్కటీ రెండుగా చీలి ఉండడం కనిపిస్తుంది. పుట్టగొడుగు జాతే అది. చెక్కలో గట్టిదనమిచ్చే పదార్థాన్ని అరిగించుకోగల శక్తి ముఖ్యంగా ఇలాంటి శిలీంద్రాలకే ఉంది. అవి పని చేయకపోతే చచ్చిన చెట్టు మట్టిలో కలవదు. చూడండి, ఫొటో తీయండి, కూర వండుకోవద్దు. తెలియని పుట్టగొడుగు తిని ఆస్పత్రి పాలైన వాళ్ల సంగతి ఏటా వానాకాలంలో వింటూనే ఉన్నాం.

ఈ పిచ్చి మనకొక్కరికే కాదు. జర్మనీలో హైంజ్ జీల్మన్ అనే ఆయన 1950లలో వడ్రంగి పిట్ట గూటి వెనక వైపు మాను కోసి, అక్కడ అద్దం బిగించి, లోపల తల్లి పిల్లలకు తిండి పెట్టడం సినిమా తీశాడు. 1955లో బీబీసీ టెలివిజన్‌లో అది చూపించాక జనం విరగబడి చూశారు. తొర్రలో కాపురం ఎలా ఉంటుందో అంతకుముందు చూసిన వాళ్లే లేరు మరి. ఫిన్లాండ్ అడవుల్లో ఉండే జీవజాతుల్లో నూటికి 20 నుంచి 25 దాకా ఏదో విధంగా చచ్చిన కర్ర మీద ఆధారపడి బతుకుతాయని అక్కడి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. స్వీడన్‌లో కలప కొట్టేటప్పుడు కావాలనే కొన్ని మొద్దులను నిలువెత్తు కంటే పైన, మూడు నాలుగు మీటర్ల దగ్గర కోసి నిలబెట్టి వదిలేస్తారు. కలప అమ్ముకుని బతికే దేశం చేస్తున్న పని ఇది.

ఇప్పుడు అసలు చిక్కులు. మోడు ఉంచమన్నాను గాని ప్రతి మోడూ కాదు. కొబ్బరి గాని ఆయిల్‌పామ్ గాని ఉన్న రైతు చచ్చిన కొబ్బరి, తాడి, ఈత మానులను తోటలో, తోట పక్కన ఉంచకూడదు. కుళ్లుతున్న ఆ మానుల్లోనే కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, రెక్కలొచ్చాక వచ్చి మొవ్వు తొలిచేస్తుంది. మన దగ్గర ఆయిల్‌పామ్ కొత్తగా పెరుగుతున్న మండలాల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. లోపల వంకర తిరిగిన తెల్లటి లావు పురుగులు కనబడితే ఫొటో తీసి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకు పంపి, వాళ్లు చెప్పినట్టు మాను చీల్చి నాశనం చేయండి. బత్తాయిలో, మామిడిలో ఎండు కొమ్మలు ఎప్పటికప్పుడు కోసి తీసేయాల్సిందే, తెగులు, కాండం తొలిచే పురుగు అక్కడినుంచే పాకుతాయి. మామిడి మానుకు రంధ్రం కనబడితే దాని కింద పొట్టు చూడండి. పొట్టు తడిగా, కొత్తగా రాలుతుంటే లోపల పురుగు బతికే ఉంది. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీస్తే రంధ్రం సైజు చూసేవాళ్లకు తెలుస్తుంది. ఇల్లు, పశువుల కొట్టం, బాట, కరెంటు తీగ, బోరు మోటారు, వీటి మీద పడే దూరంలో ఉన్న మోడు ఏదైనా తీసేయాలి. ఇందులో మొహమాటం లేదు.

చిలుకల బాధ ఉంది కదా అంటారు. ఉంది. జొన్న, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, జామ వేసిన వాళ్లకు ఆ బాధ తెలుసు. జామతోట పక్కన చిలుకల మోడు పెట్టుకోమని నేను చెప్పను. వరి, పత్తి, కంది చేల గట్ల సంగతి వేరు. చెదల గురించీ అడుగుతారు. చెద పుట్ట ఉండేది భూమిలో, మోడు దాని తిండి మాత్రమే. మోడు తీసేసినంత మాత్రాన పుట్ట పోదు. ఇంటి దూలాలకు దగ్గరైతే మాత్రం వద్దు. పాములుంటాయన్నది నిజమే. తొర్రలో చెయ్యి పెట్టొద్దు, పిల్లల్ని పెట్టనివ్వొద్దు. చూడాలనుంటే ఫోనును పొడుగాటి కర్రకు కట్టి, వీడియో పెట్టి, దూరంనుంచి తొర్ర నోటి దగ్గరకు తీసుకుపోండి. ఫోనుకు తగిలించే పైపు కెమెరాలు కూడా బజారులో దొరుకుతున్నాయి, గుడ్లూ పిల్లలూ ఉన్న తొర్రలో మాత్రం వాటిని దూర్చకండి. ఫ్లాష్ వేయొద్దు. మనం నిలబడ్డాక పది నిమిషాలైనా తల్లి పిట్ట గూటికి రాలేదంటే మనం అక్కడినుంచి కదలాలి. చచ్చిన తాడి ఎక్కే ప్రయత్నం అసలు వద్దు, పుట్టిందగ్గర్నుంచి తాళ్లెక్కే గీత కార్మికులే ఎండిన చెట్టుకు మోకు వేయరు. చిలుక పిల్లలున్న తొర్ర ఫొటోను, ఏ ఊరో ఏ చేనో చెబుతూ నలుగురికీ పంచకండి. పిల్లల్ని పట్టి అమ్మేవాళ్లకు దారి చూపినట్టవుతుంది.

లాభనష్టాలు మీరే వేసుకోండి. మోడుకు నీడ లేదు, పంటను కప్పదు. నీళ్లు తాగదు, ఎరువు తినదు. గట్టు మీద అది పట్టే జాగా గంప పెట్టేంత. డబ్బు తప్పనిసరి అయితే ఒక మధ్యే మార్గం ఉంది. స్వీడన్ వాళ్లలాగా పది పన్నెండు అడుగుల మొద్దు నిలబెట్టి, పై ముక్కను మాత్రమే అమ్ముకోవచ్చు. పడే భయమూ తగ్గుతుంది, బట్టీ వాడికి కర్రా దొరుకుతుంది. కోయించేది వానాకాలం పంట ఇంటికొచ్చాక, సంక్రాంతి లోపల పెట్టుకోండి. అప్పుడైనా ముందురోజు సాయంత్రం పొద్దుగూకే వేళ కాసేపు చూడండి, చావు పిట్ట ఆ రోజుల్లో కూడా పిల్లల్ని పెడుతుంది. తొర్రలోంచి ఏదైనా వచ్చిపోతోందంటే బేరం వాయిదా వేయండి.

కౌలుకు చేసే వాళ్ల సంగతి ఒకటి మిగిలింది. చెట్టు మీద హక్కు చాలాచోట్ల పట్టాదారుదే. ఆయన పట్నంలో ఉంటాడు, వ్యాపారి నేరుగా ఆయనతోనే ఫోనులో మాట్లాడుకుంటాడు. లారీ వచ్చేదాకా కౌలుదారుకు కబురే ఉండదు. అలాంటి వాళ్లు ముందుగానే గూబ ఉండలోని ఎలుక పుర్రెల ఫొటో ఒకటి, తొర్ర ముందు వాలిన పాలపిట్ట ఫొటో ఒకటి ఆసామికి వాట్సాప్‌లో పంపండి. "అయ్యా, ఎలుకలకు మందు ఖర్చు నేనే పెట్టుకుంటున్నాను, ఈ మోడును ఇంకో రెండేళ్లు ఉంచండి" అని అడగండి. పిడుగు పడిన ఒక తాడికి వచ్చే డబ్బుతో పట్నంలో ఆయన ఇల్లు గడవాల్సిన అవసరం ఉండదు కాబట్టి, అడిగితే ఒప్పుకునే వాళ్లే ఎక్కువ ఉంటారని నా ఉద్దేశం.